నలభై మూడు నోళ్ళ తర్వాత

ఆ పెద్ద క్యాంటీన్‌లో అంట్లు తోమే గదికి కిటికీ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ గదిలో నిలబడి పనిచేసే మనిషిని అందరూ తళతళ అంటారు. ఆయన కడిగిన గ్లాసును దీపానికి ఎదురుగా పట్టుకుంటే వేలిముద్ర కూడా కనిపించదు. జనం తిని వదిలేసిందంతా రోజూ ఆయన మోచేతుల దాకా వస్తుంది. నమిలి ఊసిన ఎముకలు, గ్లాసు అడుగున నానిన సిగరెట్ పీకలు, మింగినట్టు నటించి కూరలో దాచిన మందుబిళ్ళలు. "మనిషి మొహం చూసి మోసపోవచ్చు గానీ, వాడు వదిలిన కంచం చూసి మోసపోలేం" అంటాడాయన.

ఇంట్లో ఆయనకు ఒకటే కంచం, ఒకటే గ్లాసు. భార్య బతికున్న రోజుల్లో ఆమె గ్లాసు వేరే గూట్లో ఉండేది. "నాతో బిడ్డను కన్నావు గానీ నా గ్లాసులో నీళ్ళు తాగవు" అని ఆవిడ నవ్వేది.

కూతురి పెళ్ళిలో ఆ అలవాటే కొంప ముంచింది. అల్లుడి తరఫువాళ్ళు తాతల నాటి నుంచీ చర్చికి వెళ్ళేవాళ్ళు. భోజనాల దగ్గర ఆయన ముందు పెట్టిన గ్లాసు అంచున ఎవరిదో పెదవి మరక కనిపించింది. ఇంకొకరైతే చూడనట్టు పక్కకు జరిపేవారు. ఆయన లేచి, చొక్కా చేతులు మడిచి, వంటగదిలోకి వెళ్ళి అక్కడున్న గ్లాసులన్నీ మళ్ళీ కడిగాడు. "మేం శుభ్రం లేనివాళ్ళమని పదిమందిలో చాటి వెళ్ళాడు" అంది వియ్యపురాలు. ఆ తర్వాత మూడేళ్ళు రాకపోకలు లేవు. మనవరాలు పుట్టి ఎనిమిది నెలలైనా ఆయన ఫోన్‌లో చూడటమే తప్ప ఒక్కసారీ ఎత్తుకోలేదు.

చివరికి కూతురే కబురు తెచ్చింది.

"ఆదివారం పాప కోసం చర్చిలో ప్రార్థన చేయిస్తున్నాం నాన్నా. నువ్వొచ్చి మాతో కూర్చుంటే, అయ్యాక పాపను నీ చేతికిస్తానంది అత్తయ్య. కానీ చివరిదాకా కూర్చోవాలి. దేన్నీ కడగకూడదు. ముఖ్యంగా, ఆ మొహం పెట్టకూడదు."

"ఏ మొహం?"

"ఇదిగో, ఇప్పుడు పెట్టావే, అది."

ఆదివారం గుమ్మంలో ఒక పెద్దమనిషి అరచేత్తో ముక్కు తుడుచుకుని, అదే చేత్తో ఆయన చేతిని ఒడిసిపట్టుకుని, "వందనాలు, వందనాలు, రండి" అన్నాడు. ఆ చెయ్యి పిండని గుడ్డలా ఉంది. ఆ తర్వాత ఇంకో పదకొండు మంది చేతులు కలిపారు. ఒకాయన కౌగిలించుకున్నాడు కూడా. కొత్తవాళ్ళంటే అంత ప్రేమ కాబోలు, ఎవరూ వదల్లేదు.

బెంచీలో అల్లుడు, కూతురు, ఆ పక్కన ఆయన, ఆయన పక్కన పాపతో వియ్యపురాలు కూర్చున్నారు. బెంచీ వీపు పైభాగం ఎన్నో తలల నూనె పీల్చి నల్లగా మెరుస్తోంది. ఆయన దానికి ఆనకుండా నిటారుగా కూర్చున్నాడు. కీర్తనల పుస్తకం చేతికొచ్చింది. పేజీల మూలలు గుండ్రంగా అరిగి, మెత్తబడి ఉన్నాయి. ఎందుకలా అయ్యాయో ముందు బెంచీలో ఒకతను చూపించాడు. వేలు నాలుక మీద పెట్టుకుని పేజీ తిప్పాడు. తళతళ తన పుస్తకాన్ని రెండు గోళ్ళతో పట్టుకున్నాడు.

"మొహం" అంది కూతురు పెదవులు కదపకుండా.

ఆయన మొహం సర్దుకున్నాడు.

కొత్తగా వచ్చినవాళ్ళు లేచి నిలబడాలన్నారు. నిలబడ్డాడు. చప్పట్లు కొట్టి, పేరు రాయమని ఒక కాగితమూ, మూత నమిలేసిన ఒక పెన్నూ ఇచ్చారు. పాట మొదలైంది. వెనక బెంచీ మనిషిది గొప్ప గొంతు. ఒక్కో చరణానికి ఒక్కో తుంపర ఆయన మెడ మీద పడుతోంది. పక్కన పాప నానమ్మ కీర్తనల పుస్తకం మూలను శ్రద్ధగా చప్పరిస్తోంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. భక్తి అనుకున్నారు చుట్టుపక్కలవాళ్ళు.

తర్వాత పాస్టరు రొట్టె గురించీ ద్రాక్షారసం గురించీ, కొత్తవాళ్ళ గురించీ ఏదో చెప్పాడు. తళతళ అప్పుడు మెడ తుడుచుకుంటున్నాడు. తలెత్తేసరికి సంఘ పెద్ద ఒకాయన ఒక గిన్నె పట్టుకుని మొదటి బెంచీ దగ్గర ఉన్నాడు. ఒక్కొక్కరూ ఒక గుక్క తాగి ఇస్తున్నారు. ఆయన తెల్లగుడ్డతో అంచు ఓసారి తుడిచి పక్కవాళ్ళకిస్తున్నాడు.

ఒకటే గిన్నె. ఒకటే గుడ్డ. ఆ గుడ్డ తుడవటం లేదు, పంచుతోందని తళతళకు తెలుసు. కంచాలు లెక్కపెట్టే అలవాటు కొద్దీ నోళ్ళు లెక్కపెట్టాడు. ఏడో మనిషి మీసం గిన్నెలో మునిగి లేచింది. పంతొమ్మిదో ఆవిడ పెదవి మూల పుండు. ముప్ఫై ఆరో ఆయన దగ్గి, తాగి, మళ్ళీ దగ్గాడు. అల్లుడు నలభై రెండు. కూతురు నలభై మూడు.

గిన్నె తన ముందుకొచ్చేసరికి సంఘ పెద్ద ఆగాడు. ఆయన మొహంలోకి చూసి తటపటాయించాడు. తన మొహం మళ్ళీ అలా అయిందనుకున్నాడు తళతళ. పక్కన వియ్యపురాలు చూస్తోంది. ఇక్కడిదాకా వచ్చి చెడగొట్టుకోలేడు. రెండు చేతులా గిన్నె అందుకున్నాడు.

అంచు వెచ్చగా ఉంది. నలభై మూడు నోళ్ళ వెచ్చదనం. రసంతోపాటు ఎవరి నోటిలోదో మెత్తటి రొట్టె ముక్క ఒకటి నాలుక మీదుగా జారింది. మింగాడు. మొహం మాత్రం కడిగిన కంచంలా ఉంచాడు.

"నాన్నా" అంది కూతురు, ఊపిరితో.

గిన్నె వియ్యపురాలి చేతికి వెళ్ళింది. ఆవిడ అంచు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ముక్కుపుటాలు లేచాయి, పెదవి ఒక మూల కిందికి దిగింది. కూతురు ఏ మొహం గురించి చెబుతుందో ఆయనకు ఇన్నేళ్ళకు కనిపించింది. ఆవిడ గిన్నెను సగం తిప్పి, రెండో వైపు నుంచి తాగింది.

ఆ ఉపాయం తనకు తట్టనందుకు ఆయనకు సిగ్గేసింది.

బయటికొచ్చాక అల్లుడు దగ్గరికొచ్చాడు. "మామయ్యా, పాస్టరుగారు ముందే చెప్పారు కదా. అది బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే. మీరు తల అడ్డంగా ఊపితే దాటిపోయేవారు."

"తాగక్కర్లేదా?"

"అసలు తాగకూడదు."

ఆయన గోడ వైపు తిరిగి మూతి తుడుచుకున్నాడు. వెనక నుంచి వియ్యపురాలు పాపను చంకనేసుకుని వచ్చింది. కూతురు అడ్డం వెళ్ళింది. "అత్తయ్యా, నాన్నకు తెలీదు..."

"నువ్వుండు." ఆవిడ ఆయన ముందు నిలబడింది. "పెళ్ళిలో మా గ్లాసు ముట్టని మనిషి, ఇంతమంది తాగిన దాన్ని ఎలా తాగారు అన్నయ్యగారూ?"

"ఊపిరి బిగబట్టి, వదినగారూ."

"నేను కాపురానికొచ్చిన కొత్తలో ఏడాది బిగబట్టాను" అంది ఆవిడ, గొంతు తగ్గించి. పాపను ఆయన వైపు చాచింది. ఆయన చేతులు చాచేలోపే వెనక్కి లాక్కుంది.

"చేతులు కడుక్కున్నారా? పొద్దుట్నించి ఊళ్ళో వాళ్ళందరి చేతులూ పట్టుకున్నారు."

ఆ రోజు ఆయన విన్న మొదటి తెలివైన మాట అది.

కుళాయి చర్చి వెనక ఉంది. తొట్టి నిండా పాచి. అరిగిన సబ్బు తన నీళ్ళలోనే నాని జావలా ఉంది. దాని మీద అడ్డంగా ఎవరిదో పొడుగాటి వెంట్రుక. వెనక్కి తిరిగి చూశాడు. వియ్యపురాలు పాపను భుజానేసుకుని ఆయన్నే చూస్తోంది. దేన్నీ కడగకూడదంది కూతురు.

ఆయన చొక్కా చేతులు మడిచాడు. గోటితో ఆ వెంట్రుక తీసి పారేసి, ముందు సబ్బును కడిగాడు.