అమ్మాయి పెళ్లికి నేను వేసిన టైంటేబుల్

తెనాలిలో ఒక హైస్కూల్లో ఇరవై ఆరేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. అందులో చాలా ఏళ్లు స్కూలు టైంటేబుల్ వేసే పని నాదే. ఎవరికి ఏ పీరియడ్ ఇవ్వాలో, ఎవరికి ఎక్కడ లీజర్ పెట్టాలో, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకు ఎవరిని పంపాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అందుకే మా అమ్మాయి పెళ్లి కుదిరినప్పుడు, పెళ్లి రోజున ఏది ఎప్పుడు జరగాలో నన్నే రాయమన్నారు మావారు.

మగపెళ్లివారిది బాపట్ల. పెళ్లి కూడా అక్కడే, ఒక కల్యాణమండపంలో. ముహూర్తం పగలు పది గంటల నలభై నిమిషాలకు.

"అమ్మా, నాకు ఒక్కటే కోరిక," అంది మా అమ్మాయి. "నా పెళ్లిలో ఎవరూ పరిగెత్తకూడదు. నువ్వు కూడా. పిన్ని వాళ్ల అమ్మాయి పెళ్లిలో చూశావుగా, సొంత కూతురి తలంబ్రాలు జరుగుతుంటే పిన్ని పాల ప్యాకెట్ల కోసం వంటగదిలో ఉంది."

ఆ మాట నాకు నచ్చింది. తెల్లకాగితం తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. మొదట రాసినదాంట్లో తెల్లవారుజామున అయిదు నుంచి మధ్యాహ్నం మూడు వరకు ఊపిరి తీసుకునే చోటు లేదు. ఒకటి పది నిమిషాలు ఆలస్యమైతే చివరిదాకా అన్నీ వెనక్కి జరుగుతాయి. కాబట్టి తీసేయడం మొదలుపెట్టాను. సూర్యలంక సముద్రం దగ్గర ఫోటోలు మా అమ్మాయే వద్దంది. ఎదురుకోలు మండపం గేటు దగ్గరికి కుదించాను. అయినా ముహూర్తానికి ముందు అరగంట ఖాళీ కావాలి. అక్కడ చూస్తే, గౌరీపూజ తర్వాత మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావడం ఉంది. ఫోటోల వాళ్లు రెండుసార్లు ఎత్తించి, దింపించి, మళ్లీ ఎత్తిస్తారు. దానికే అరగంట పోతుంది. పైగా మా అన్నయ్యకు అరవై దాటాయి, నడుము నొప్పి. ఆ వరుస కొట్టేసి, ఆ చోట ఎర్రపెన్నుతో గడి గీసి 'లీజర్' అని రాశాను. గడి చూసుకుని సంతోషపడ్డాను కూడా.

మా అన్నయ్య ఎవరో చెప్పాలి. మా నాన్న నిజాంపట్నం దగ్గర పడవ మీద వేటకు వెళ్లేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పోయాడు. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైన అన్నయ్య ఇంటర్ మానేసి అదే పడవ ఎక్కాడు. నేను డిగ్రీ చదివినా, బి.ఇడి. చేసినా ఆ పడవ సంపాదన మీదే. తర్వాత చేపలు కొని ఐసు పెట్టెల్లో బయటి ఊళ్లకు పంపే వ్యాపారం పెట్టుకుని రేపల్లెలో స్థిరపడ్డాడు. మా అమ్మాయికి అతనొక్కడే మేనమామ.

పెళ్లికి పది రోజుల ముందు అన్నయ్య తెనాలి వచ్చాడు. కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, వేలు ఒక్కో వరుస మీద జరుపుతూ చదివాడు.

"గౌరీపూజ అయ్యాక ఇదేంటమ్మా, లీజర్ అంటే?"

"ఖాళీ అన్నయ్యా. అందరూ కాసేపు కూర్చుంటారు. బుట్టలో తేవడం తీసేశాను. నీ నడుముకి ఆ బరువు ఎందుకు? అమ్మాయి మాతోపాటు నడిచే వస్తుంది."

అతను ఆ గడి మీద నుంచి వేలు తీయలేదు.

"అమ్మాయేం బరువమ్మా," అన్నాడు. కళ్లజోడు తీసి, "సర్లే, నువ్వు ఆలోచించే రాసుంటావు. మరి నేనేం చెయ్యాలి?"

"మగపెళ్లివారి టిఫిన్లు దగ్గరుండి చూడు. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా."

"అలాగే."

కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బరువు తప్పిందని అతనికీ హాయిగా ఉండి ఉంటుందనుకున్నాను. 'నీకిష్టమేనా' అని ఒక్కమాట అడగలేదు. అడగాలని తోచనే లేదు.

పెళ్లి నేను రాసినట్టే జరిగింది. మంగళస్నానాలు, టిఫిన్లు, గౌరీపూజ, ఒక్కటీ దారి తప్పలేదు. తొమ్మిదీ యాభైకి లీజర్ మొదలైంది. మా అమ్మాయి స్నేహితురాళ్లతో కూర్చుని నవ్వుతూ కాఫీ తాగింది. నాతో పనిచేసిన టీచరమ్మ ఒకావిడ, "పెళ్లికూతురి తల్లి ఇంత తీరిగ్గా కూర్చోవడం నేనెక్కడా చూడలేదండి," అంది. నాకు గర్వంగా అనిపించింది.

అన్నయ్య అంతకుముందే, సరిగ్గా తొమ్మిదిన్నరకు, నా దగ్గరికి వచ్చాడు.

"వాళ్లంతా తిన్నారమ్మా. ఇంకేమైనా ఉందా?"

"ఏం లేదన్నయ్యా. వెళ్లి కూర్చో."

కొంతసేపటికి కిటికీలోంచి చూస్తే బయట తన వ్యాను వెనకాల నిలబడి ఉన్నాడు. తలుపు మీద చెయ్యి వేసి ఉంది. డ్రైవరు కోసం చూస్తున్నాడనుకున్నాను.

పదీ ఇరవైకి పంతులుగారు మైకులో పిలిచారు. "పెళ్లికూతుర్ని తీసుకురండి. మేనమామగారు ఎక్కడున్నారండి? బుట్ట సిద్ధమేనా?"

ఆయనకు చెప్పడం మర్చిపోయాను. గబగబా దగ్గరికి వెళ్లి, "బుట్ట లేదండి. వాళ్ల మామయ్యకి ఒంట్లో బాగుండదు," అన్నాను. మైకు ఆపలేదు. నా మాట హాలంతా వినిపించింది.

రెండో వరుసలో అన్నయ్య ఆ పిలుపుకే లేచి, భుజం మీద కండువా సర్దుకుంటున్నాడు. నా మాట విని అలాగే కూర్చున్నాడు. పక్కనున్నాయన ఏదో అడిగాడు. అన్నయ్య నవ్వి, తల అడ్డంగా ఊపాడు. అదంతా నేను చూశాను. చూసి, గడియారం కూడా చూశాను. పదీ ఇరవై దాటి రెండు నిమిషాలైంది. లోపలికి వెళ్లి మా అమ్మాయిని నడిపించుకొచ్చాను.

పెళ్లయిన అయిదో రోజు సారె స్వీట్లు పట్టుకుని రేపల్లె వెళ్లాను. అన్నయ్య ఇంట్లో లేడు. వరండాలో ఒక పెద్ద వెదురుబుట్ట బోర్లించి ఉంది. కొత్తది. చుట్టూ పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి.

"ఇదేంటి వదినా?"

వదిన దాచలేదు, దెప్పనూ లేదు. "మీ అన్నయ్య అల్లించారమ్మాయ్. సంబంధం కుదిరిన వారంలోనే చెప్పారు. అడుగు గట్టిగా లేదని ఒకసారి విప్పించి మళ్లీ అల్లించారు. పొద్దున్నే దాన్లో రొయ్యల మేత బస్తా పెట్టి, మా తమ్ముడు ఒక పక్క, ఈయన ఒక పక్క పట్టుకుని పెరట్లో నడిచేవాళ్లు. నడుముకి బెల్టు కూడా కొనుక్కున్నారు."

"నాతో చెప్పలేదే?"

"తెనాలి నుంచి వచ్చి, 'తీసేసిందిలే' అన్నారు. అయినా పెళ్లికి వ్యానులో వేసుకొచ్చారు. చివర్లో అమ్మాయైనా అడుగుతుందేమోనని."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. వదిన మంచినీళ్లు తెచ్చిచ్చింది.

మధ్యాహ్నానికి అన్నయ్య వచ్చాడు. కాళ్లు కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్లి, "నాతో ఒక్కమాట అనాల్సింది అన్నయ్యా," అన్నాను.

"అంటే నీ టైమంతా మారిపోయేది కదమ్మా. ఎంత కష్టపడి రాసుకున్నావో. పెళ్లి బాగా జరిగింది, అది చాలు."

"తప్పు చేశాను. ఏమీ అనుకోకు."

"మన మధ్య అంత మాటలెందుకు," అని వదినను అన్నం పెట్టమన్నాడు. అతను కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

సాయంత్రం మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. "ఆ కాగితం నేనూ చూశానమ్మా. నాకూ తట్టలేదు," అంది. తర్వాతి ఆదివారం భర్తను తీసుకుని రేపల్లె వెళ్లింది. "మామయ్యా, ఇప్పుడు కూర్చుంటాను, ఒక్కసారి ఎత్తండి," అని అడిగిందట. అన్నయ్య నవ్వి, "పెళ్లయిన పిల్లని ఎక్కడికి తీసుకెళ్లి దింపాలమ్మా?" అన్నాడట. ఆ బుట్టను తర్వాత వదిన ఎవరింట్లో పెళ్లికో ఇచ్చేసింది.

మా రాకపోకలు ఆగలేదు. కాకపోతే ఇదివరకు అన్నయ్య తెనాలిలో పని ఉంటే చెప్పకుండానే వచ్చేసేవాడు. చేపల సంచితో నేరుగా వంటింట్లోకి నడిచి, "అన్నం ఉందా?" అనేవాడు. ఇప్పుడు ముందు రోజే ఫోన్ చేస్తున్నాడు.

"ఎన్నింటికి రమ్మంటావమ్మా?"

"ఎప్పుడైనా రా అన్నయ్యా, నన్ను అడగాలా?"

"కాదులే, టైము చెప్పు. నీకు వీలు ఉండాలిగా."

ఎత్తిపొడుపు కాదు. నాకు ఇబ్బంది కాకూడదనే అడుగుతాడు. ఏదో ఒకటి చెప్పక తప్పదు కాబట్టి పదకొండు అంటాను. ఆ రోజు పొద్దున్నుంచీ వీధి తలుపు తీసే ఉంచుతాను.