రోవీనా పిన్ని నమ్మని అద్దాలు

మా పిన్ని రోవీనా క్లెగ్ కాఫీ తాగే ముందు వాసన చూస్తుంది. ఎవరు కాచినా అంతే, తనే కాచుకున్నా అంతే. రేడియోలో మంచు పడదని చెబితే ఆ రేడియో ఆపేసి, బయటికెళ్ళి ఆకాశం చూసొస్తుంది. చర్చిలో పాస్టరు కళ్ళు మూసుకోమంటే ఒక్క కన్నే మూస్తుంది. "రెండూ మూస్తే ఆయనేం చేస్తున్నాడో మనకెట్లా తెలుస్తుందిరా?" అంటుంది.

బార్కర్ ఫోర్క్‌లో ఆమెని చూసి నవ్వనివాళ్ళు తక్కువ. నేను నవ్వను. గని మూసేసినప్పుడు మళ్ళీ తెరుస్తామన్నారు. రంపపు మిల్లు పెట్టినప్పుడు మనవల కాలం దాకా పని అన్నారు. ఊరంతా రెండు కళ్ళూ మూసుకునే విన్నది. ఇప్పుడు ఆ మిల్లు షెడ్డులో పావురాలున్నాయి.

పిన్ని పని వేట గైడు. శాల్మన్ నది లోయల్లో ఎల్క్ అనే పెద్ద కొమ్ముల దుప్పి కోసం బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళని కొండెక్కించడం, మృగాన్ని కనిపెట్టి చూపించడం, ఎంత దూరంలో ఉందో చెప్పడం. వచ్చినవాడు ఆ దూరానికి తగ్గట్టు రైఫిల్ మీది గురి సరిచేసుకుని ట్రిగ్గర్ నొక్కుతాడు, అంతే. దూరం తప్పు చెబితే తూటా తప్పుతుంది. అంతకంటే పాపం, పొట్టలో తగిలి మృగం ఎక్కడికో పోయి చస్తుంది. పిన్ని చిన్నప్పటి నుంచీ కంటితోనే దూరం చెప్పేది. దగ్గరగా వెళ్ళి కొట్టే రోజుల్లో అది చాలింది. ఇప్పుడొచ్చేవాళ్ళు ఫోనుల్లో వీడియోలు చూసొస్తారు. లోయకి ఈ గట్టున పడుకుని ఆ గట్టున ఉన్నదాన్ని కొట్టాలంటారు. పోయినేడు ఆమె మాట మీద ఇద్దరికి గురి తప్పింది.

వసంతంలో వేట శిబిరం యజమాని బర్డెట్ పిన్ని ఇంటికొచ్చాడు. వాడికి గుర్రమెక్కడం నేర్పింది పిన్నే. టోపీ చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డాడు.

"దూరం చెప్పే బైనాక్యులర్ ఒకటి కొనుక్కో, రోవీనా. అందరి దగ్గరా ఉంది."

"అందరి దగ్గరా జలుబు కూడా ఉంది."

"నవ్వులాట కాదు. ఈసారి కూడా నీ మాట మీద తూటా తప్పిందంటే, వచ్చే ఏడు నీ లైసెన్సు మీద సంతకం పెట్టను."

మా దగ్గర యజమాని సంతకం లేని గైడు గైడు కాదు. ఆ వయసులో ఆమెని ఇంకో శిబిరం తీసుకోదు. ఆ మాట అని వాడు నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పిన్ని వాడి ట్రక్కు మలుపు తిరిగేదాకా చూసి, "వీడికి ఇంకెవరినో పెట్టుకోవాలనుంది," అంది.

మర్నాడు హాలిస్ ట్రాక్సెల్ ట్రక్కులో ముగ్గురం కామరర్ దుకాణానికి వెళ్ళాం. హాలిస్ శిబిరంలో కంచరగాడిదల మనిషి. పిన్ని వేటాడించిన ప్రతి మృగాన్నీ కొండ దించింది అతనే. పెద్దగా మాట్లాడడు. రెండేళ్ళుగా పొద్దున చలిలో పిన్ని వేళ్ళు కొంకర్లు పోతున్నాయని అతనికి తెలుసు, నాకు తెలుసు. బర్డెట్‌కి తెలీదు. జీను పట్టీ బిగించాల్సి వచ్చినప్పుడు, ముడి విప్పాల్సి వచ్చినప్పుడు హాలిస్ ఏదో పనున్నట్టు అటుగా వచ్చేవాడు. ఆమె అడిగేది కాదు, అతను చెప్పేవాడు కాదు.

కామరర్ మూడు జతలు గాజు బల్ల మీద పెట్టాడు. పిన్ని ముట్టుకోలేదు.

"ఇక్కడ కాదు. పట్రా బయటికి."

దుకాణం వెనక పాత గని వాళ్ళ తీగదారి మొదలు ఉంది. కొండ పైనున్న గని నోటి నుంచి ఖనిజం తొట్లు ఉక్కు తాడు మీద అక్కడికే దిగేవి. ఆ తాడు అతుకులేసినవాడు మా తాత. దాని పొడుగు పిన్నికి ఎవరూ చెప్పక్కర్లేదు. సిమెంటు దిమ్మ మీద నిలబడి, ఒక్కొక్కటీ కళ్ళకి పెట్టుకుని గని నోటి వైపు చూసింది.

అన్నిట్లోకీ ఖరీదైన దాన్ని ముందు దించింది. "ఇది అబద్ధమాడుతోంది. దగ్గర దగ్గర ఎనభై గజాలు మింగేసింది."

కామరర్ నవ్వాడు. "మింగలేదు. అది వాలు లెక్క వేసుకుని చెబుతోంది. ఏటవాలుగా కొట్టినప్పుడు తూటాకి అంత దూరం లెక్కలోకి రాదు కదా, అది నీకంటే ఎవరికి తెలుసు? నువ్వు మనసులో తీసేసే గజాలు అదే తీసేసి ఇస్తుంది."

"నేను ఎంత దూరమని అడిగాను. నా బదులు ఆలోచించమని అడగలేదు."

"సుఖం కదా?"

"దొంగ కూడా సుఖంగా ఉండాలనే తలుపు చప్పుడు కాకుండా తీస్తాడు."

రెండోదానికి అద్దాలు మంచివి. సందె వెలుగులో కూడా పొదల్లో కొమ్ము కనిపిస్తుందని కామరర్ ఒట్టేశాడు. పిన్ని బొత్తాన్ని రెండుసార్లు నొక్కింది. పెదవులు బిగుసుకున్నాయి. "ఈ బొత్తం నాకు నచ్చలేదు," అంది. హాలిస్ చేయి చాచి దాన్ని తీసుకుని, తనూ నొక్కి, "నాకూ నచ్చలేదు," అన్నాడు. దాంట్లో ఏ లోపమూ లేదు, కొంచెం గట్టిగా ఉంది, అంతే.

మూడోది తాడు పొడుగెంతో సరిగ్గా అంతే చెప్పింది. బొత్తం వెడల్పు. పిన్ని దాన్ని తిప్పి తిప్పి చూసి, అడుగున గీతలేమన్నా ఉన్నాయా అని గోటితో గీకి, "ఎవరన్నా వాడి తిరిగిచ్చిందా?" అంది. కాదన్నాడు కామరర్. "ఎవరన్నా ఇస్తే నువ్వు చెబుతావా?" అంది. చివరికి అదే తీసుకుంది.

"దీంట్లో కూడా వాలు లెక్క ఉంది రోవీనా, నీ కోసం ఆపి పెట్టాను," అన్నాడు కామరర్ డబ్బాలో పెడుతూ. "ఆపిందాన్ని ఆపే ఉంచు," అంది పిన్ని.

వేసవంతా దాన్ని మెళ్ళో వేసుకునే తిరిగింది. ఆవులకి, స్తంభాలకి, పోస్టు మనిషికి దూరాలు చూసింది. ఏటవాలు చోట్ల అది చెప్పిన అంకె లోంచి తన అలవాటు ప్రకారం కొంత తీసేసి, ఇద్దరి లెక్కా కలిసిందని తృప్తిపడింది. పూర్తిగా నమ్మిందని మాత్రం చెప్పలేను.

అక్టోబరులో శిబిరంలో ఆమెకి వచ్చిన వేటగాడు ఆల్డ్రిచ్ అని పళ్ళ డాక్టరు. మర్యాదస్థుడు. రైఫిల్ మాత్రం మా ఇంటి కంటే శుభ్రంగా ఉంది. నేనూ అదే శిబిరంలో గైడునే. ఆ వారం నా మనిషి మొదటి పూటే కొట్టేసుకుని గుడారంలో నిద్రపోతున్నాడు కాబట్టి పిన్ని వాళ్ళతో వెళ్ళాను.

పొద్దున గడ్డం మీద మంచు కట్టే చలి. శిఖరం కింద గుర్రాలు దిగేసరికి బైనాక్యులర్‌లో అంకెలు రాలేదు. చలికి బ్యాటరీ చచ్చింది. కొత్తది పిన్ని జేబులో ఉంది కానీ, ఆ చిన్న మూత తిప్పడం ఆమె వేళ్ళ వల్ల కాలేదు. హాలిస్ వచ్చి, "ఇటివ్వు, నా చేతులు ఖాళీగా ఉన్నాయి," అని మార్చి ఇచ్చాడు.

లోయలోకి తొంగి చూస్తే చాలా కింద, బండ పక్కన కొమ్ముల ఎల్క్ ఒకటి మేస్తోంది. పిన్ని అద్దాల్లో చూసింది. నాలుగు వందలు. నిట్టనిలువు వాలు. అలవాటుగా మనసులో తీసేసి, "మూడు వందల యాభై పెట్టుకోండి డాక్టరు గారూ," అంది.

తూటా పొట్ట కింద దుమ్ము లేపింది. ఎల్క్ ఒక్క దూకులో చెట్లలో కలిసిపోయింది. కిందికి దిగి చూశాం, రక్తం చుక్క లేదు.

శిబిరానికొచ్చాక పిన్ని అన్నం ముట్టలేదు. పచ్చికలో తాడుతో కొలిచి బైనాక్యులర్ పెట్టి చూసింది. సరిగ్గా చెప్పింది. డాక్టరుగారి చేత కాగితం మీద కాల్పించింది. తూటాలు గీత గీసినట్టు పడ్డాయి. అద్దాలది తప్పు కాదు, రైఫిల్‌ది కాదు. మిగిలింది తన లెక్క, లేదా మనిషి. పిన్ని తన లెక్కని అనుమానించడం నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం అందరూ చిక్కుళ్ళు తింటుండగా పిన్ని వచ్చి హాలిస్ ఎదురుగా నిలబడింది.

"దీన్ని ఏం చేశావు?"

"బ్యాటరీ మార్చాను."

"పొద్దున్న దాకా బాగానే ఉంది. నీ చేతిలోకి వెళ్ళొచ్చింది, తప్పింది. మీ వాడు డ్వైట్ గైడు లైసెన్సు కోసం బర్డెట్ చుట్టూ తిరుగుతున్నాడని నాకు తెలీదనుకున్నావా?"

హాలిస్ చెంచా కింద పెట్టాడు. "వాడు నా కొడుకు, తిరుగుతున్నాడు, నిజమే. పాత బ్యాటరీ తీసేసరికి అది కొన్న రోజు ఎట్లా ఉందో అట్లాగే అయిపోయిందేమో. ఆ వాలు లెక్క మళ్ళీ మేలుకుందేమో. సమంగా ఉన్న పచ్చికలో పెడితే నీకు తేడా ఎట్లా కనిపిస్తుంది?"

"ఎంత తొందరగా తెలిసిందో నీకు!"

"ఇటివ్వు పిన్నీ, నేను చూస్తాను," అన్నాను.

"నువ్వు అతని ట్రక్కులో తిరిగేవాడివేగా," అని బైనాక్యులర్‌ని కోటు లోపల దాచుకుంది.

హాలిస్ లేచి, గిన్నె కడిగి బోర్లించి, "ఇన్నేళ్ళూ నేను నీ పక్కన ఎందుకు తిరిగానో తెలుసా?" అన్నాడు. అతను గాడిదల దగ్గరికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున పిన్ని జీను పట్టీ నేను బిగించాను. పేనుకి పెత్తనమిచ్చినట్టు నా వెనకే నిలబడి చూసింది.

అదే లోయ, అదే బండ. రెండో ఎల్క్. దీని కొమ్ములు ఇంకా పెద్దవి. డాక్టరు ఆత్రంగా పడుకుని రైఫిల్ ఆనించాడు. "ఎంత, రోవీనా గారూ?"

"చెప్పను."

"అదేంటండీ?"

"ఇక్కడి నుంచి రెండు అంకెలున్నాయి. ఒకటి అబద్ధం. ఏదో నాకు తెలీదు."

"హాలిస్ చెప్పినట్టు ఉన్నదున్నట్టు పెట్టుకుంటే?"

"ఆ మాట నమ్మి తప్పితే రేపు నా కొండ పోతుంది, అతనిది కాదు. దగ్గరికెళ్దాం. దగ్గరలో అబద్ధానికి చోటుండదు."

పొద్దున్నే చల్లగాలి కొండ మీంచి కిందికి జారుతుంది. మన వాసన మృగానికి అందిస్తుంది. ఎండెక్కి గాలి పైకి తిరిగేదాకా ఆమె మమ్మల్ని కదలనివ్వలేదు. డాక్టరు గొణుక్కున్నాడు, ఇంత దూరం కొట్టడానికి ఏడాదంతా సాధన చేశానన్నాడు. "ఆ సాధన ఎక్కడికీ పోదులెండి," అంది. తర్వాత బూట్లు విప్పించి, మేకపోతుల్లా రాళ్ళ మధ్య నుంచి దింపింది. ఎల్క్ రెప్పల మీది ఈగలు కనిపించేంత దగ్గరికి. డాక్టరు రైఫిల్ రాయికి ఆనించాడు. ఒక్క తూటాకే అది మోకాళ్ళ మీద కూలింది.

నేను పైకెక్కి కబురు పంపాను. ఎండ బాగా ఎక్కాక గాడిదలతో హాలిస్ వచ్చాడు. కొమ్ములు చూడాలని బర్డెట్ కూడా వచ్చాడు. పిన్ని భుజం తట్టి, "ఈ ఏడు బతికిపోయావు," అన్నాడు. ఆమె ముఖంలో ఒక్క క్షణం చిన్నపిల్ల కనిపించింది.

మా దగ్గర మృగం పడితే మొదటి కోత గైడుది. ఇంకెవరూ ముట్టుకోరు. పిన్ని మడత కత్తి తీసింది. గోటితో లాగింది. రాలేదు. కోటుకి తుడిచి మళ్ళీ లాగింది. ప్రతిసారీ ఈపాటికి హాలిస్ ఏదో గొణుగుతూ వచ్చి, "నాది పదునుగా ఉంది," అని తెరిచిన కత్తి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడతను గాడిద మెడ పక్కన నిలబడి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పగ్గం వదిలేసి, మొలలోని కత్తి తీసి ఆమె వైపు రెండడుగులు వేశాడు.

"అక్కడే ఆగు," అంది పిన్ని గట్టిగా. "ఎవరు చూడాలని వస్తున్నావో నాకు తెలుసు."

హాలిస్ ఆగాడు. బర్డెట్ హాలిస్ చేతిలోని కత్తిని చూశాడు, తర్వాత పిన్ని వేళ్ళని. అంతవరకూ వాడు చూడనే లేదు.

"చేతులు ఎప్పట్నించి ఇట్లా ఉన్నాయి?"

"చలి."

"ఎండలో నిలబడ్డాం, రోవీనా."

డాక్టరు అవతలికి తిరిగి బూట్ల లేసులు మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. మొదటి కోత బర్డెట్ కోశాడు. వసంతంలో పిన్ని లైసెన్సు మీద సంతకం పడలేదు. డ్వైట్‌కి కూడా ఆ చోటు దొరకలేదు, పక్క జిల్లా నుంచి ఎవరినో తెచ్చారు.

నేను కామరర్ దగ్గరికెళ్ళి అడిగాను. ఆ రకంలో బ్యాటరీ తీస్తే వాలు లెక్క దానంతటదే మొదలవుతుందట, ముందే చెప్పాల్సిందన్నాడు. పరుగున వచ్చి పిన్నికి చెప్పాను.

"కామరర్, హాలిస్ శుక్రవారాలు కలిసి పేకాడతారు," అంది.

మొన్న వెళ్ళేసరికి బల్ల మీద కాగితంలో చుట్టిన ఎల్క్ సాసేజి ఉంది. హాలిస్ వరండాలో పెట్టి, తలుపు కొట్టకుండా పోయాడట. "ఎందుకు తెచ్చాడో," అంది పిన్ని. చుట్ట విప్పలేదు. నేను విప్పి, బంగాళాదుంపలతో కలిపి వేయించుకుని తిన్నాను. ఆమె ఎదురుగా కూర్చుని నా ముఖమే చూసింది.

కాసేపటికి, "ఉప్పెక్కువేశాడా?" అంది.

"లేదు."

"ఎప్పుడూ ఎక్కువే వేస్తాడు," అంది, నా మాట నమ్మకుండా.