మసాజ్ బల్లమీద నోరు జారిన రోజు

నా నోటివల్ల చాలాసార్లు చెడ్డాను గానీ, బోర్లా పడుకుని చెడింది మాత్రం ఒక్కసారే. అదీ మస్కట్‌లో, ఖురం అనే పేటలో, మెత్తటి బల్లమీద, ఒంటికి నూనె రాయించుకుంటూ. హాయిగా నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు. ఉన్నదంతా ఆ రోజే పోయింది.

అప్పటికి కడప వదిలి వచ్చి ఐదేళ్లు. ఒక ఇంట్లో వంటపని, మేడం వాళ్ల అమ్మను చూసుకునే పని నాది. ముసలమ్మ మంచిదే, కాకపోతే మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి నేనే ఎత్తాలి. ఎత్తీ ఎత్తీ నడుము పట్టేసింది. చెబితే విమానం ఎక్కించేస్తారేమోనని భయం. అందుకని నొప్పొచ్చినప్పుడల్లా దగ్గొచ్చినట్టు నటించేదాన్ని. ఇంటిల్లిపాదీ జాలిపడి నాచేత తేనె తాగించేవాళ్లు.

పండక్కి ఎవరో మేడంకి మసాజ్ కూపన్ ఇచ్చారు. ఆమెకు తీరిక లేక అది నాకు కానుకైంది.

అక్కడ నన్ను లోపలికి తీసుకెళ్లినామె తన పేరు మేరీ అంది. మాట్లాడింది హిందీ. సరే, కేరళ మనిషని నేనే తీర్మానించేశాను. అడగొచ్చుగా అంటారా? అడిగితే ఈ కథే లేదు.

"బట్టలు మార్చుకుని ఈ దుప్పటి కింద బోర్లా పడుకో, దీదీ" అని ఆమె బయటికెళ్లింది. పడుకున్నాను. ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. ఈ ఎండల దేశంలో ఇన్ని నీళ్లు వృథానా! దుప్పటి చుట్టుకుని కుళాయి కోసం గదంతా వెతుకుతుంటే మేరీ వచ్చింది.

"ఏమైంది దీదీ?"

"నీళ్లు పోతున్నాయి!"

"అది మ్యూజిక్, దీదీ."

మళ్లీ పడుకున్నాను. ముఖం పెట్టుకోవడానికి ఆ బల్లకు ఒక కంత ఉంది. అందులోంచి మేరీ చెప్పులు తప్ప ఏమీ కనబడవు. ఎదుటి మనిషి ముఖం కనబడకపోతే నాకు ధైర్యం ఎక్కువ. ఆమె బొటనవేళ్లు నడుములో దిగగానే తెలుగు తన్నుకొచ్చింది.

"అమ్మా, సచ్చిపోతి! ఇవి చేతులా, రోకళ్లా? ఏం తింటాదో ఏమో ఈయమ్మ!"

చేతులు ఒక్క క్షణం ఆగాయి. "నొప్పా, దీదీ?" అంది హిందీలోనే.

"లేదు లేదు, చాలా బాగుంది" అన్నాను నేనూ హిందీలో, తేనె తాగిన గొంతుతో.

అర్థం కాదని తేలిపోయిందిగా, ఇక ఆగలేదు. "మా మేడం సాంబ్రాణి కుండ పగలగొట్టింది నేనే మే. పిల్లి మీదికి తోసినా. పాపం, దానికి రెండు దినాలు పాలు పోయల్యా."

ఇంతలో ఆమె వేళ్లు మెడ దగ్గరికి వచ్చాయి. జుట్టు పక్కకు తీసి, జ్వరమొచ్చిన బిడ్డను నిమిరినట్టు నా తల నిమిరింది.

"ఐదేండ్లాయ మే" అన్నాను ఆ కంతలోకి. "నేను ఎత్తేదే గానీ, నన్నిట్లా ముట్టుకున్నోళ్లు ల్యారు. నడుం ఇరిగిపోతాన్నా ఎవురికీ సెప్పల్యా. ఇంటికి ఫోన్ చేస్తే బాగుండా అంటా."

కన్నీళ్లు కంతలోంచి టపటపా ఆమె చెప్పుల మీద పడ్డాయి. చెప్పులు కదల్లేదు. పైనుంచి మెత్తటి గొంతు వినిపించింది.

"ఏడవండక్కా, ఏం పర్లేదు. నడుం సంగతి మాత్రం మీ మేడంగారికి చెప్పేయండి. కూపన్ మీద ఆవిడ పేరు చూశాను, మా దగ్గరికి వత్తా ఉంటారు. మంచి మనిషే."

తెలుగు! నేను ఉలిక్కిపడి లేవబోయి, గడ్డం కంతకు కొట్టుకుని మళ్లీ పడ్డాను.

"నీకు తెలుగొచ్చునా?"

"మాది రాజోలండి."

"మరి ముందే సెప్పకూడదా!"

"చెబితే మీరు ఆపేత్తారు కదండీ. ఎవరైనా నా దగ్గర ఇంతసేపు తెలుగు మాటాడి మూడేళ్లయిందండి. తిట్టినా బానే ఉంది."

నేను లేచి కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకోబోయి కంట్లో నూనె పెట్టుకుంది. ఇద్దరం ఏడుస్తూ నవ్వాం.

ఇంటికెళ్లి నడుము సంగతి మేడంతో చెప్పేశాను. విమానం ఎక్కించలేదు. "ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?" అని కేకలేసి, వాళ్లమ్మను ఎత్తడానికి ఒక యంత్రం తెప్పించింది. నెలకోసారి మేరీ దగ్గరికి వెళ్లమంది. పిల్లి సంగతి మాత్రం మింగేశాను.

రెండోసారి బుద్ధిగా నోరు మూసుకుని పడుకున్నాను. పావుగంట చూసి మేరీ నా చెవి దగ్గరికి వంగింది.

"మాటాడండక్కా. నాకు తెలుగు రాదులెండి."

కాబట్టి మహాజనులారా, ఒమన్‌లోని సమస్త నూనె సీసాల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఇకమీదట ఏ బల్లమీద బోర్లా పడినా, "తల్లీ, మీది ఏ జిల్లా?" అని అడగనిదే కనీసం "అబ్బా" అని కూడా మూలగను.