రెండో వేలు

ఈ మాట గొంతులో పెట్టుకుని ఏళ్లు గడిపాను. ముద్ద దిగుతుంది, నీళ్లు దిగుతాయి, ఇది మాత్రం దిగదు. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది మేడ్చల్. భర్త పోయాక తమ్ముడింట్లోనే ఉంటున్నాను. తమ్ముడి భార్య సుగుణ అప్పట్లో శామీర్‌పేట దగ్గర మందుల కంపెనీలో సీసాలు కడిగేది. ఒకరోజు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"వదినా, గీ ఫోన్ల ఏందో అప్‌డేట్ అని వచ్చింది. నొక్కిన. అప్పటిసంది నా వేలు పడ్తలేదు. జర సూడవా?"

"సీసాలు కడిగి కడిగి నీ వేళ్లు గట్ల అరిగినయి. ఇగ అదేం గుర్తుపడ్తది?" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

వేలు పెట్టే పక్క బటన్ తుడిచాను. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. లాభం లేదు. పాత వేలిముద్రలు తీసేసి, ఆమె బొటనవేలు మళ్లీ మళ్లీ పెట్టించాను. తప్పు ఫోన్‌దా, ఆమె వేలిదా అని తేల్చుకోవడానికి నా బొటనవేలు కూడా ఎక్కించాను. ఇద్దరివీ పట్టాయి. ఇక నాది తీసేయాలి. తీయలేదు. మరిచిపోయానా? కొన్నాళ్లు అలాగే నమ్మాను. కాదు. సెట్టింగ్స్‌లో 'వేలిముద్ర 2' అని నా వేలు కనిపిస్తుంటే, చూసి మరీ మూసేశాను.

మా ఇంట్లో శుక్రవారం ప్రార్థన కూటం జరుగుతుంది. మధ్యలో మోగకుండా అందరూ ఫోన్లు ఒక బుట్టలో వేస్తారు. ఆ బుట్ట వంటింట్లో పెడతాం. టీ పెట్టేది నేను. ముందు గదిలో అందరూ కళ్లు మూసుకుని ఉండగా నేను సుగుణ ఫోన్ తెరిచేదాన్ని. మొదట ఊరికే. తర్వాత శుక్రవారం కోసం ఎదురుచూసేదాన్ని. తమ్ముడు ఆమె మీద చేయి చేసుకుంటాడని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ మాట్లాడం. ఫోన్‌లో మాత్రం ఆమె మాట్లాడేది, కంపెనీలో తనతో పనిచేసే మేరీతో. దుండిగల్‌లో గది చూశానని మేరీ రాసింది. ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాకుండా అటే వచ్చేస్తానని సుగుణ రాసింది.

టీ పొంగిపోయింది. ఆ సాయంత్రమే తమ్ముడికి చెప్పాను.

ఎందుకు? ఇంటి పరువు కోసమని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నేను నా మొగుడి దెబ్బలు తిని, నోరు మూసుకుని, ఆయన పోయేదాకా ఆ ఇంట్లోనే పడి ఉన్నాను. ఈ పిల్ల ఒక సంచీ సర్దుకుని వెళ్లిపోతుందా అని కడుపు మండింది. నాకు లేని దారి ఆమెకెందుకు?

ఏమవుతుందో తెలిసే చెప్పాను. వాడు తలుపు వేసుకున్నాడు. చప్పుడు వినపడకుండా నల్లా పూర్తిగా తిప్పి నేను గిన్నెలు తోమాను. ఆమె ముంజేయి విరిగింది. బాత్రూంలో జారిందని ఆసుపత్రిలో చెప్పింది కూడా నేనే. వాడు పని మాన్పించాడు. ఎవరు చెప్పారని సుగుణ అడిగితే, "నాకు చెప్పేటోళ్లున్నరు" అన్నాడట. సుగుణ మేరీని అనుమానించింది. మళ్లీ ఆమెతో మాట్లాడలేదు. నా ముందు కూర్చుని తలకు నూనె పెట్టించుకుంటూ, మేరీ ఇంత మోసం చేస్తుందనుకోలేదని ఏడ్చేది. నేను జడ వేసేదాన్ని.

ఆ తర్వాత ఆ ఫోన్ ముట్టలేదు. నా వేలు మాత్రం అందులోనే ఉండిపోయింది.

మొన్న మళ్లీ అప్‌డేట్ వచ్చింది. మళ్లీ ఆమె వేలు పట్టలేదు. మెంతికూర తెంపుతున్న నాకు ఫోన్ అందించింది. తెర వెలిగిద్దామని అలవాటుగా పక్క బటన్ మీద బొటనవేలు పెట్టాను. ఫోన్ తెరుచుకుంది.

ఇద్దరం దాన్నే చూశాం.

"నీ వేలు పడ్డది, వదినా," అంది. గొంతు పెంచలేదు. ఫోన్ తీసుకుని లోపలికి వెళ్లింది.

నిన్న శుక్రవారం. ఆమె ఫోన్ బుట్టలో లేదు. టీ తనే పెట్టింది. కప్పు నా ముందు పెట్టి, నేను తాగేదాకా చూస్తూ నిలబడింది. అడిగితే చెప్పేద్దామని కూర్చున్నాను. అడగలేదు. ఇక అడగదేమో. ఆమె మనసులో ఏముందో నాకు తెలియడం లేదు, భయంగా ఉంది. క్షమించమనడానికి నాకు నోరు రాదు. ఏ మొహంతో అడగను?

రాస్తుంటే గొంతులో ఉన్నది కొంచెం కదిలింది. సుగుణా, చెప్పింది మేరీ కాదు. నేను.