కిందికి దించిన కారు, వీధిలో హంపు

నలభై దాటాక నేను నా కోసమే కొనుక్కున్న మొదటి వస్తువు ఒక పాత స్పోర్ట్స్ కారు. ఇద్దరే పడతారు. ముదురు ఆకుపచ్చ రంగు. బెంగళూరు సర్జాపుర రోడ్డులో మా అపార్ట్‌మెంటు బేస్‌మెంట్‌లో దాన్ని పెట్టిన కొత్తలో, ఆఫీసు పని అయ్యాక కిందికి దిగి కాసేపు చూసి వచ్చేదాన్ని. మా ఆయన లిఫ్టు దగ్గర ఫోను చూసుకుంటూ నా కోసం ఆగేవారు.

చూడగా చూడగా నాకు ఒకటి నచ్చకుండా పోయింది. టైరుకీ, దాని మీద వంపు తిరిగిన బాడీ అంచుకీ మధ్య ఖాళీ మరీ ఎక్కువగా ఉంది. నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టినా ఇంకా చోటు మిగిలేది. మన గుంతల రోడ్లు తట్టుకోవాలని కారును కాస్త ఎత్తి కట్టారని తెలుసు. కానీ అంత అందమైన బండి, పంచె పైకెత్తి పట్టుకుని బురద దాటుతున్న మనిషిలా కనిపించేది. ఒకసారి కంటబడ్డాక మరి వదల్లేదు.

బొమ్మసంద్రలో ఇలాంటి కార్లు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నారు. వాళ్ల తాతల కాలం నుంచీ బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. కారు చుట్టూ తిరిగి చూసి, ఎత్తు సర్దుకునే వీలున్న స్ప్రింగులు వేద్దామన్నారు.

"రెండు వేళ్ల సందు పెడదామా?" అని అడిగాను.

"పెట్టొచ్చు మేడమ్. చూసేదానికి శానా బాగుంటాది. కానీ మీ ఇంటి దోవలో హంపులు యాడాడ ఉండాయో ఒకసారి తలుచుకోండి."

దారిలోని స్పీడ్ బ్రేకర్లన్నీ తలుచుకున్నాను. తలుచుకునే, రెండు వేళ్లే పెట్టమన్నాను.

కారు తిరిగి వచ్చాక ఎంత సంతోషపడ్డానో చెబితే నవ్వుతారు. చక్రం మీదికి బాడీ వచ్చి ఒదిగి కూర్చుంది. మలుపుల్లో ఒరగడం తగ్గింది. రోడ్డు మీద చిన్న అతుకు వచ్చినా నడుముకు తెలిసేది, దానికీ నేను బాధపడలేదు. అన్నాళ్లూ రోడ్డుకు ఎత్తున కూర్చుని పోయినదాన్ని, ఇప్పుడు రోడ్డును ముట్టుకుంటూ పోతున్నాననిపించింది.

ఇబ్బందల్లా ఒక్క చోటే. మా అపార్ట్‌మెంటుకు వచ్చే దగ్గర దారి పాత ఊరి వీధిలోంచి వస్తుంది. పాలడిపో ఎదురుగా ఎవరో సొంతంగా పోయించిన సిమెంటు హంపు ఉంది. ఎత్తు మామూలే, కానీ గోడలా నిటారుగా ఉంటుంది. దాన్ని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటడం అలవాటు చేసుకున్నాను. ఒక ఉదయం అటు పక్కనా ఇటు పక్కనా స్కూటర్లు నిలిపి ఉండటంతో తిన్నగానే ఎక్కించాల్సి వచ్చింది. ముందు చక్రాలు అవతలికి దిగాయి. ఆ వెంటనే కింద పెద్దగా గీసుకున్న చప్పుడై, కారు పొట్ట హంపు మీద ఆనిపోయింది. ముందుకూ లేదు, వెనక్కీ లేదు.

వెనక పాల వ్యాను హారన్ కొడుతోంది. దిగి నిలబడ్డాను. ఇద్దరు ఆటోవాళ్లు, డిపో దగ్గరున్న నలుగురు చేతులు వేసి ఎత్తితే బయటపడింది. ఇదంతా ఎదురింటి అరుగు మీద నుంచి ఒక పెద్దావిడ చూస్తూనే ఉంది. లేవలేదు, నవ్వలేదు. ఆ ఇంటి ముందరే హంపు.

ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో సంగతి రాశాను. అనుమతి లేని హంపు కదా, కార్పొరేషన్‌కు ఫిర్యాదు పెడితే పగలగొట్టేస్తారని చాలామంది అన్నారు. నాకూ సబబుగానే తోచింది. కానీ అది ఎవరు పోశారో, ఎందుకు పోశారో తెలియకుండా ఫిర్యాదు పెట్టడానికి మనసొప్పలేదు. శనివారం నడుచుకుంటూ ఆ ఇంటికి వెళ్లాను.

పెద్దావిడ నన్ను గుర్తుపట్టింది. "పచ్చకారమ్మ కదా నువ్వు. కూర్చో. కాఫీ తాగుతావా?"

తాగుతానన్నాను. కాఫీ ఇచ్చాక ఆవిడే అంది: "హంపు తీసెయ్యమని అడిగేదానికి వచ్చినావు."

"అవునమ్మా" అన్నాను.

లోపల్నుంచి ఆవిడ భర్త వచ్చారు. సన్నటి మనిషి. నన్ను చూసి తల ఊపి, పాలగిన్నె తీసుకుని మెట్లు దిగి, అటూ ఇటూ చూడకుండా వీధి దాటి డిపోకు వెళ్లిపోయారు. ఆయన అవతలికి చేరేదాకా ఆవిడ ఆయన మీంచి కళ్లు తిప్పలేదు.

"చూసినావు కదా. ఆయనకు చెవులు ఇనపడవు. చెప్తే ఇనే మనిషీ కాదు. పాలు నేనే తెస్తానంటాడు. డెలివరీ బండి ఒకటి గుద్ది చెయ్యి ఇరిగింది. కార్పొరేషన్ ఆపీసోళ్లను అడిగితే వచ్చి చూసి పోయిరి, అంతే. పైన ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో నేనే ఏపిచ్చినా."

నేను ఇంటికి బయల్దేరుతుంటే ఆవిడా వెంట వచ్చింది, కారు చూస్తానని. బేస్‌మెంట్‌లో వంగి టైరు మీద చెయ్యి పెట్టి, "దీన్ని ఏమన్నా చేసినావా? ఇంత కిందికుండాది" అంది.

"నేనే దింపించానమ్మా."

"ఏంటికి?"

"చూడ్డానికి బాగుంటుందని."

ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, కారును ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. "బాగనే ఉండాది. ఎనుము నీళ్లలో పండుకున్నట్ల ఉండాది" అంది. నీళ్లలో గేదె. ఆ కారు గురించి నాతో ఎవరూ అంత సరైన మాట అనలేదు.

సోమవారం మెకానిక్‌కు ఫోన్ చేసి, కారు మళ్లీ పాత ఎత్తుకు లేపేయమన్నాను. ఆయన, "అంతా లేపితే మీకు మనసు ఇరుగుతాది. మీకు ఇబ్బంది హంపు ఎత్తు కాదు, అది నిట్టనిలువు ఉండేది. రెండు పక్కలా దాని వాలును స్వల్ప పొడుగు చేస్తే పొట్ట తగలదు. ఆయమ్మ ఒప్పుకుంటుందేమో అడగండి" అన్నారు.

ఆవిడ ఒక షరతు మీద ఒప్పుకుంది. "ఎత్తు మాత్రం ఇంత కూడా తగ్గనియ్యను."

ఆదివారం ఉదయం వీధికి అడ్డంగా రాళ్లు పెట్టారు. ఆవిడ పిలిపించిన మేస్త్రీ వచ్చాడు, బొమ్మసంద్ర నుంచి మెకానిక్ కూడా వచ్చారు. పొడవాటి చెక్క ఒకటి రెండు పక్కలా వాల్చి, ఏటవాలు ఎంత దూరం పోవాలో వాళ్లిద్దరూ కన్నడంలో వాదించుకున్నారు. నేను ఇసుక బుట్టలు అందించాను, చేతులు మంటెక్కేదాకా. ఆవిడ అరుగు మీద నుంచి, "ఎత్తు, ఎత్తు" అని గుర్తు చేస్తూ ఉంది. పెద్దాయన కర్ర పట్టుకుని వీధి మొదట్లో నిలబడి, వచ్చే స్కూటర్లన్నిటినీ వెనక్కి తిప్పి పంపారు. ఆయన మాటకు ఎదురు చెప్పి లాభం లేదు, వినపడదు కాబట్టి అందరూ తిరిగిపోయారు.

నా వంతుగా నేనూ కారును ఒక వేలు పైకి లేపించాను. మూడు వేళ్ల సందు. సిమెంటు గట్టిపడ్డాక మొదటిసారి దాటినప్పుడు అద్దం దించి చెవి పెట్టాను. కారు మెల్లగా ఎక్కి, మెల్లగా దిగింది. కింద చప్పుడు లేదు.

అక్కడితో అంతా సర్దుకుందని రాయాలని ఉంది కానీ, సర్దుకోలేదు. నాకు సులువైన దారి స్కూటర్లకూ సులువైంది. మునుపు అక్కడ తప్పనిసరిగా నెమ్మదించేవాళ్లు, ఇప్పుడు అదే ఊపులో ఎక్కి దిగిపోతున్నారు. వారం తిరక్కుండా పెద్దావిడ నుంచి ఫోన్ వచ్చింది.

"నీ కారు బాగనే పోతాండాది. నాకు మాత్రం మళ్లీ భయంగా ఉండాది" అంది. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. నా కారు పొట్ట గురించి అంత కొలిచి చేసిన మేము, ఆ హంపు ఎవరి కోసం పుట్టిందో ఆయన గురించి కొలవడం మరిచాం.

మళ్లీ అరుగు మీద కూర్చున్నాం. హంపును ముట్టుకోకుండా వీధిని ఇరుకు చేద్దామని నేనన్నాను. దారి సన్నగా కనిపిస్తే బండివాడు తనంతట తానే నెమ్మదిస్తాడు. ఆవిడ మిద్దె మీద వాడకుండా పడి ఉన్న పెద్ద సిమెంటు కుండీలు ఉన్నాయంది. వాటిని కిందికి దింపి, హంపుకు ముందొక జత, వెనకొక జత, వీధి అంచుల నుంచి లోపలికి జరిపి పెట్టించాం. మా అపార్ట్‌మెంటు వాళ్లు నందివర్ధనం, గన్నేరు మొక్కలు తెచ్చి నాటారు. ఫిర్యాదు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

కుండీలు కొంత పని చేశాయి. మిగతా పని పెద్దాయన చేశారు. మొక్కలకు నీళ్లు పోసే బాధ్యత ఆయన తీసుకున్నారు. ఉదయం ఎండ రాకముందు వీధి నడిమధ్యన, బకెట్టు పక్కన పెట్టుకుని, చెంబుతో ఒక్కో కుండీకీ తీరిగ్గా పోస్తారు. వెనక ఎన్ని బండ్లు నిలిచినా ఆయనకు తెలియదు. హారన్ కొట్టడం ఆ వీధివాళ్లు మానేశారు. నేనూ ఇంజను ఆపేసి, ఆయన ఆఖరి కుండీకి పోసేదాకా కూర్చుంటాను.