ఆమె గొంతులో చివరి ఆరు సెకన్లు

మీ ఫోన్లోకి వచ్చిన ఒక మనిషి గొంతును, ఆ మనిషిని అడగకుండా, ఎన్నిసార్లు ఇంకొకరికి పంపారు? పంపే ముందు ఒక్కసారైనా మీ వేలు ఆగిందా? నా వేలు ఆగలేదు. ఆగి ఉంటే ఒక అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి ఉండేది.

అప్పట్లో నేను విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. చర్చ లేని క్లాసు నా దృష్టిలో క్లాసు కాదు. పాఠం నలభై నిమిషాల్లో ముగించి, మిగిలిన సమయం పిల్లలకు వదిలేసేవాణ్ణి. లేచి మాట్లాడేది మాత్రం ఎప్పుడూ ముందు బెంచీల్లోని ఆ నలుగురైదుగురే. ఇంగ్లీషు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు. బొబ్బిలి వైపు వరి రైతుల పిల్లలు, సముద్రం ఒడ్డు ఊళ్ళనుంచి బస్సులో వచ్చే పిల్లలు, కొండ ఊళ్ళనుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్ళు తలలు దించుకుని కూర్చునేవారు. వాళ్ళ దగ్గర చెప్పడానికి ఏమీ లేదని నేను చాలా ఏళ్ళు నమ్మాను. రుజువు అడగకుండా దేన్నీ నమ్మవద్దని ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, ఈ ఒక్కదానికి మాత్రం రుజువు అడగలేదు.

ఆ వెనక బెంచీల్లో ఒక అమ్మాయి ఉండేది. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. తండ్రి వేటకు వెళ్ళేవాడు, తల్లి నెత్తిమీంచి అమ్మే చేపల బుట్ట దించేది కాదు. కాలేజీలో చేరిన మొదటి నెలలో నేనేదో అడిగితే ఆమె లేచి, "నాను సెప్తాను మాస్టారూ," అంది. క్లాసు గొల్లుమంది. నేను బల్ల మీద చరిచి నవ్వు ఆపాను గాని, ఆమె అప్పటికే కూర్చుంది. మళ్ళీ ఏడాదిపాటు నోరు విప్పలేదు.

ఆ ఏడాది గడిచేసరికి ఫోన్లు చౌకయ్యాయి. నెట్టు ఇంకా చౌకయ్యింది. నేను ఫోన్లో క్లాసు గ్రూపు ఒకటి పెట్టాను. సోమవారం ఒక ప్రశ్న వేస్తాను, శనివారం లోపల అందరూ జవాబు ఇవ్వాలి. రాసినా సరే, మాట్లాడి పంపినా సరే. పాల్గొన్నవాళ్ళకు ఇంటర్నల్ మార్కుల్లో ఐదు. మొదటి ప్రశ్న, విమానాశ్రయం వస్తే ఎవరికి మేలు, ఎవరికి నష్టం అని. ముందు బెంచీ వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పేజీలకు పేజీలు దింపారు. శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి దగ్గర్నుంచి పదకొండు సెకన్ల మాట వచ్చింది. వెనక అలల హోరు. ఇల్లు ఇరుకు కాబట్టి ఒడ్డుకు వచ్చి మాట్లాడేది. ఫోను కూడా తండ్రిదే. ఆయన వేట నుంచి వచ్చి పడుకున్నాకే ఆమె చేతికి అందేది. ఆయనకు దాంతో మాట్లాడటమే తప్ప గ్రూపుల సంగతి తెలీదు.

బొబ్బిలి దగ్గర ఊరి రైతు బిడ్డ ఒకడు, క్లాసులో అందర్నీ ఆటపట్టించేవాడు, వెంటనే తగులుకున్నాడు. "ఏటే, రేడియో పెట్టావా? ముందు ఆ సముద్రం సౌండు తగ్గించు."

ఆమె జవాబు కూడా మాటల్లోనే వచ్చింది. "సముద్రానికి బటన్ నేదురా. నీ సెవులకి ఉంటే నొక్కుకో."

ఆ రోజు గ్రూపంతా నవ్వింది. ఈసారి ఆమెతో కలిసి నవ్వింది. అప్పట్నుంచి ఆమె ఆగలేదు. నెల తిరిగేసరికి ఆ రైతు బిడ్డ కూడా, "రేడియో ఇంకా రాలేదేటి?" అని శనివారాలు ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఆమెను చూసి హాస్టల్ పిల్లలు మాట్లాడారు. తమ ఊళ్ళలో ఏం జరుగుతుందో, బడి ఎంత దూరమో, పంచాయతీలో ఎవరి మాట చెల్లుతుందో చెప్పారు. నేను ఇన్నేళ్ళూ పాఠ్యపుస్తకం తిప్పుతూ కూర్చున్న సమాజం నా ఫోన్లో మాట్లాడసాగింది.

ఒకసారి కారిడార్లో ఆమెను ఆపి, డిగ్రీ అయ్యాక ఏం చేస్తావని అడిగాను.

"బీఎడ్ సేస్తాను మాస్టారూ. మా ఊరి బడికే వస్తాను. అక్కడ పంతులమ్మ మా పిల్లల మాటకి నవ్వుతాది. నానుంటే నవ్వను కదా."

"ఇంట్లో ఒప్పుకుంటారా?"

"మా అయ్య ఒక్కటే అన్నాడు. పేరు బయటికి రాకుండా సదువుకుంటే ఎంతవరకైనా సదువుకో, గొడవ వస్తే మాత్రం ఆ రోజే ఆపేస్తానన్నాడు. నా వల్ల గొడవేటి వస్తాది?"

ఆ మాట నేను విన్నాను. మరిచిపోయానని చెప్పుకోను.

చివరి సంవత్సరంలో ఒక సోమవారం నేను వేసిన ప్రశ్న ఇది: "మీ ఇంట్లో పాటించే ఒక ఆచారాన్ని ఎప్పుడైనా పరీక్షించి చూశారా? ఏం తేలింది?" నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. జవాబులు చప్పగా వచ్చాయి. పిల్లి ఎదురొస్తే ఏమీ కాలేదని ఒకరు, గుమ్మానికి నిమ్మకాయ కట్టకపోయినా బండి నడుస్తోందని ఒకరు. శనివారం ఆమె మాట వచ్చింది, రెండు నిమిషాలకు కొంచెం తక్కువ.

వాళ్ళ ఊళ్ళో నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు వల ముట్టుకోకూడదు. ముట్టుకుంటే గంగమ్మకు కోపం వస్తుందని, చేప పడదని, పడవ మీది మనుషులకే ప్రమాదమని నమ్ముతారు. ఈ మధ్య వల చిరిగితే తండ్రికి చేతిసాయం కావలసి వచ్చింది. ఆమె తన సంగతి చెప్పకుండా మూడు రోజులూ తండ్రి పక్కన కూర్చుని కన్నాలు అల్లింది.

"ఆ వల తీసుకెళ్ళిన రోజు కవళ్ళ సేపలు పడవ నిండా పడ్డాయి," అంటోంది ఆమె గొంతు. "తర్వాత వారం నాను అసలు వల దరికే ఎళ్ళనేదు. అప్పుడు ఏటీ పడనేదు. అలాగని నాను ముట్టుకుంటే సేపలు పడతాయని కాదు. రెండుసార్లు సూస్తే సాలదు, ఇంకా సూడాలి. కానీ సేపకి ఏటి తెలుస్తాది మాస్టారూ, ఆ ముడి ఎవులు ఏసేరో?"

నేను కుర్చీలోంచి లేచాను. ముప్ఫయ్యేళ్ళుగా సభల్లో గొంతు చించుకుని చెప్పిన సంగతిని ఈ అమ్మాయి ఒక వలతో చూపించింది. పైగా, రెండుసార్లు చూస్తే చాలదంటోంది. ఆ జాగ్రత్త నా ఉపన్యాసాల్లో ఎప్పుడూ లేదు. ఆఖర్న ఒక క్షణం అల చప్పుడు, తరువాత గొంతు తగ్గించి, "ఇది మన గ్రూపులోనే ఉంచండి మాస్టారూ. మా అయ్యకి తెలీదు," అంది. ఆ మాటకు ఆరు సెకన్లు పట్టింది.

విన్నాను. విని, నాలో నేను వాదించుకున్నాను. ఆమె పేరు అందులో లేదు, ఊరి పేరు లేదు. నిజం ఒకరి సొత్తు కాదు. పదిమందికి తెలిస్తే పది ఊళ్ళలో ఆడపిల్లలకు ధైర్యం వస్తుంది. ప్రతి వాక్యమూ తర్కానికి నిలిచేదే. మా హేతువాద మిత్రుల్లో ఒకాయనకు పంపాను. కింద ఒక ముక్క రాశాను: "ఇదీ నా విద్యార్థి." ఆ ముక్కలో "నా" అన్న మాట ఎందుకు రాశానో అప్పుడు ఆలోచించలేదు.

పది రోజులకు ఆ రైతు బిడ్డ స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"మాస్టారూ, రేడియో... ఆ అమ్మాయి వాయిసు మా మావ ఫోన్లోకి వచ్చింది. ఆయన విశాఖలో సేపల లారీ తోల్తాడు. గ్రూపులో మనోళ్ళెవరూ పంపలేదంతన్నారు. మీరేటైనా పంపేరా?"

నేను బల్ల మీది హాజరు పట్టీ తిప్పసాగాను. వాడు కొంచెంసేపు చూసి, "సరే మాస్టారూ," అని వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి అప్పటికి నాలుగు రోజులుగా క్లాసుకు రావడం లేదు.

మర్నాడు ఆ ఊరికి వెళ్ళాను. దారంతా వాదన సిద్ధం చేసుకున్నాను. ఊరి పెద్దలు ఎదురైతే ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో, దేవుడి మాట వస్తే ఎలా తిప్పికొట్టాలో అన్నీ. పెద్దలెవరూ ఎదురుకాలేదు. ఒడ్డున బోర్లించిన పడవ నీడలో ఆమె తండ్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్ళు ఇంకా వేటలోనే ఉన్న వేళ అది.

"రండి మాస్టారూ. ఎండలో వచ్చారు," అని పక్కకు జరిగాడు.

పంపింది నేనేనన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. జరిగింది చెప్పాడు. పడవలో ఐదుగురు. పడవా వలా అయిదుగురివీ. ఆ మాట ఒడ్డుకు చేరిన రోజున ఆయన సొంత బావ ఫోను తెచ్చి చెవి దగ్గర పెట్టి, "ఒరే, ఈ గొంతు ఎవలిది?" అని అడిగాడు. పేరు అవసరం లేకపోయింది. పుట్టినప్పట్నుంచీ విన్న గొంతు. వల పసుపు నీళ్ళతో కడిగారు. ఆయన అందరిముందూ తప్పయిందన్నాడు. అయినా ఆ వారంలో వల ఏదో రాతికి పట్టి సగం చిరిగింది. దాంతో మిగతా నలుగురూ కొన్నాళ్ళు నువ్వు పడవెక్కొద్దన్నారు.

"ఇది మూఢనమ్మకం. వల రాతికి పట్టి చిరిగితే ఆ అమ్మాయి ఏం చేస్తుంది?" అన్నాను. గొంతు పెరిగింది.

"నాకు తెలీదేటి మాస్టారూ? మీకో మాట సెప్తాను. మా ఆడది పెళ్ళైన కాడ్నుంచీ అన్ని రోజులూ వల ముట్టుకుంటన్నాది. మా బావ పెళ్ళామూ అంతే. సేతులు సాలకపోతే ఏటి సేస్తాం? ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే. ఎవులూ సెప్పరు, ఎవులూ అడగరు. అలా నడిసిపోతన్నాది. ఇంకో పదేళ్ళు పోతే ఆ మాటే ఎవులికీ గుర్తుండేది కాదు."

ఆగి, ఇసకలోంచి ఒక తాడు ముక్క తీసి చుట్టడం మొదలుపెట్టాడు.

"సముద్రంలో అయిదుగురం ఎళ్తాం. నాను నమ్మకపోయినా ఫరవానేదు, నా పక్కోడు నా మీద నమ్మకం పెట్టుకోవాలి. ఆడు భయపడితే అలల్లో తాడు సరిగ్గా పట్టుకోడు. ఇప్పుడు మీ పుణ్యమా అని మా ఆడోళ్ళు వల దరికి రాకుండా ఒడ్డు మీద కాపలా కాస్తన్నారు. ఇన్నాళ్ళూ ఇది నేదు."

ఆ ఆచారం తనంతట తాను చచ్చిపోతూ ఉంటే, నేను దాన్ని చంపబోయి మళ్ళీ లేపి కూర్చోబెట్టాను.

"పరీక్షలకైనా పంపండి. నేను దగ్గరుండి రాయిస్తాను," అన్నాను.

"గొడవ వస్తే ఆపేస్తానని ముందే సెప్పేను మాస్టారూ. మాట తప్పితే పడవ మీద నన్నెవడు నమ్ముతాడు?"

ఆమె కొంచెం అవతల చేపలు ఎండబెడుతోంది. వలలు ఆరేసిన వైపు కాదు, దూరంగా. దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి లేచి నిలబడింది, క్లాసులో లేచినట్టే.

"తప్పు నాది. క్షమించమ్మా."

ఆమె చేతులకంటిన పొలుసులు చీర చెంగుకు తుడుచుకుంది. "నా మాటకి నవ్వినోళ్ళ మీద నాకు కోపం నేదు మాస్టారూ. ఆళ్ళు నా ఎదర నవ్వేరు, నానూ తిరిగి అన్నాను. మీరు నా ఎనక పంపేరు. మీకు నానేటని సెప్పను?"

అంతే అంది. వంగి మళ్ళీ చేపలు తిరగేయసాగింది.

చివరి పరీక్ష రోజున ఆ గదికి నేనే ఇన్విజిలేటర్ని. ఆమె నంబరు సుద్దముక్కతో బల్ల మీద రాసి ఉంది. అరగంట చూసి ఆమె ప్రశ్నపత్రం కట్టలో తిరిగి పెట్టేశాను. పక్క బల్ల మీద ఆ రైతు బిడ్డ రాయడం ఆపి నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ ఏడాది పిల్లలకు ఐదు మార్కులూ వేశాను, ఆమెకు కూడా. పాల్గొన్నందుకు.

గ్రూపు మళ్ళీ పెట్టలేదు. నేను నా ఫోన్లోంచి ఆ గొంతు చెరిపేశాను, ఆ మిత్రుణ్ణి కూడా చెరపమన్నాను. అప్పటికే అది మా చేయి దాటింది. రెండేళ్ళ తరువాత, నౌపడ నుంచి ఎవరో ముఖపరిచయం లేని హేతువాది నాకే దాన్ని పంపాడు. కింద రాశాడు: "తప్పక వినండి. అందరికీ పంపండి." విన్నాను. అదే అలల హోరు, అదే ప్రశ్న, చేపకు ఏం తెలుస్తుందని. తరువాత చటుక్కున ఆగిపోయింది. చివరి ఆరు సెకన్లు ఎవరో కత్తిరించారు. గ్రూపులోనే ఉంచమన్న ఆ మాట ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ వినపడదు.

అందుకే చెబుతున్నాను. ఒడ్డు మీద నిలబడి ఒక అమ్మాయి వల గురించి మాట్లాడే గొంతు ఎప్పుడైనా మీ ఫోన్లోకి వస్తే, మీరు ఎంత గొప్ప సంస్కర్తలైనా, ఆ మాట ఎంత నిజమైనా, ఇంకెవరికీ పంపకండి. ఆమె వద్దంది. చెరిపేయండి. మీకు పంపినవారికి కూడా ఆ సంగతి ఇవాళే చెప్పండి.