మల్దకల్ బంతిలో గిన్నెడు పప్పు

కడుపు చిన్నది చేయించుకుంటానని నా బిడ్డ చెప్పినప్పుడు నేను పొయ్యి ముందు నుంచి లేవలేదు. తిండి తగ్గించాలంటే నోరు మూసుకుంటే చాలదా, దానికి కడుపు కోయించుకోవడం ఏమిటని అడిగాను. మోకాళ్లు పోయాయి, షుగరు వచ్చింది, ఇక వేరే దారి లేదని డాక్టరమ్మ చెప్పిందట. సరే, కోయించుకుంది. కోయించుకున్నాక ఇంక వాదించేదేముంది? అయిన పని పాడుకాకుండా చూసుకోవాలి, అంతే.

మల్దకల్ పోయే నాటికి ఆపరేషన్ అయి రెండు నెలలు కూడా నిండలేదు. నాగర్‌కర్నూల్‌లో మా ఇంట్లోనే ఉంచుకుని నేనే చూసుకుంటున్నాను. పూటకు చిన్న గిన్నెడు తినాలి. ఆ గిన్నెడును అర్ధగంట నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు. ముందు గుడ్డో, పప్పో, పెరుగో లోపల పడాలి, అన్నం సంగతి తర్వాత. తీపి వద్దు, నూనె వద్దు. తొందరపడి మింగితే గుండె దగ్గరే అడ్డం పడుతుంది. భయపడి తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఒకసారి అట్లాగే భయపడి, సరిగా తినక, తాగక, దవాఖానకు పోయి సెలైన్ ఎక్కించుకుని వచ్చింది. ఇంకోసారి ఇట్లా వస్తే ఇంటికి పంపం, చేర్చుకుంటామని చెప్పారు. ఇదంతా తెలిసి కూడా మల్దకల్ ప్రయాణం పెట్టారు.

అల్లుడు పరాయివాడు కాదు, మా అన్న కొడుకే. వాళ్ల చెల్లెల్ని గద్వాల వైపు ఇచ్చాం. దాని కొడుక్కి మల్దకల్ తిమ్మప్ప గుడి దగ్గర పుట్టు వెంట్రుకలు తీయించాలి. మేనమామ ఒళ్లో పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుంటే గాని కత్తెర పడదు. కాబట్టి అల్లుడు పోక తప్పదు. ఆయన ఒక్కడే వస్తే బాగుండదట. ఆ చెల్లెలు, అంటే నా మేనకోడలు, రోజూ ఫోన్ చేసేది.

“వదినె రాకుంటె మా అత్తగారోళ్లు ఏమనుకుంటరు అత్తమ్మా? జర పంపియ్యి.”

“మీ అత్తగారోళ్లు ఏమనుకుంటె నాకేందే? పంపిస్త గాని, ఎంబడి నేను గూడ వస్త,” అన్నాను.

తెల్లవారకముందే లేచి గుడ్లు ఉడకబెట్టాను. పెసరపప్పు గట్టిగా వండి డబ్బాలో పెట్టాను. నీళ్లు కాచి చల్లార్చి సీసాలో పోశాను. అల్లుడు కారు తుడుస్తూ ఆ సంచి చూసి నవ్వాడు.

“తొవ్వల హోటళ్లు లేవా అత్తమ్మా?”

“హోటళ్లున్నయి అల్లుడా. దానికి కడుపే లేదు.”

బిజినేపల్లి దాటింది మొదలు రోడ్డుకు రెండు వైపులా బోర్డులే. పసిపిల్లకు స్నానం చేయించేంత పళ్లెం, దాని నిండా బిర్యానీ, పైన కోడి కాలు. మా కాలంలో రోడ్డు మీద పోతే ఎక్కడైనా చాయ్ దొరుకుతుందా అని చూసేవాళ్లం. ఇప్పుడు మనుషులు ఊరి నుంచి ఊరికి పోవడం లేదు, హోటల్ నుంచి హోటల్‌కు పోతున్నారు. ఇంట్లో కడుపునిండా తిని బయల్దేరిన వాడికి కూడా ఆ బోర్డు కనబడితే ఆకలవుతుంది. నా బిడ్డ కిటికీలోంచి ఆ బోర్డులను చూసింది, తల తిప్పుకుంది. అదొక్కటి నాకు నచ్చింది.

వనపర్తిలో ఆపాం. దానికి తినే వేళైంది. టిఫిన్ హోటల్లో ఒక మూలకు కూర్చున్నాం. అల్లుడు పూరీ చెప్పాడు. నేను ఒక ప్లేటు ఇడ్లీ చెప్పి, బిడ్డ ముందు డబ్బా తెరిచి గుడ్డు పెట్టాను. గల్లా మీద కూర్చున్నాయన అక్కడి నుంచే అరిచాడు.

“అమ్మా, బయటి తిండి లోపల తినొద్దు!”

“ఆపరేషన్ అయిన పిల్ల. గుడ్డు తింటది. నీ తాన ఉడకబెట్టిన గుడ్డుందా?”

“లేదు. ఆమ్లెట్ ఉంది.”

“నూనెల ఈదేది నాకొద్దు. నువ్వు పెట్టవు, నన్ను పెట్టనియ్యవు, మరి ఏం తినాలె? నీ బల్ల తినాల్నా?”

పక్క బల్ల వాళ్లు నవ్వారు. ఆయన గల్లా దిగి మా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. అల్లుడు పూరీలు ఊదేసి చేయి కడుక్కుని వచ్చాడు. నా ఇడ్లీ అయిపోయింది. బిడ్డ ఇంకా సగం గుడ్డు దగ్గరే ఉంది. గోరంత తుంచుతుంది, నోట్లో పెట్టుకుంటుంది, నమిలి నమిలి మింగుతుంది. బల్ల ఖాళీ చేయాలని ఇద్దరు మనుషులు మా వెనక నిలబడి మా నెత్తి మీద ఊపిరి వదులుతున్నారు. ఆ సిగ్గుకు నా బిడ్డ మిగిలిన ముక్క నోట్లో వేసుకుని లేవబోయింది. భుజం పట్టి కూర్చోబెట్టాను. నమిలేదాకా వాళ్లను నిలబడనిచ్చాను. నిలబడితే కాళ్లు అరగవు.

పెబ్బేరులో నేను మొహం కడుక్కుందామని దిగాను. అంతే, ఆ కాసేపట్లోనే అల్లుడి తెలివి బయటపడింది. నేను వచ్చేసరికి బిడ్డ చేతిలో చెరుకురసం గ్లాసు ఉంది. సగం ఖాళీ.

“ఏంది గిది?”

“డాక్టరమ్మ తాగెటియి తాపుమన్నది గద అత్తమ్మా. చెరుకు రసమంటె నీళ్లే గద. నమిలే పనే లేదు. అల్లం గూడ ఏయించిన,” అన్నాడు గొప్పగా.

గ్లాసు లాక్కుని పారబోశాను. వస్తువు పారబోయడం నా చేతికి అలవాటు లేని పని, ఆ రోజు అది కూడా చేయించాడు. అప్పటికే ఆలస్యమైంది. బీచుపల్లి వంతెన ఇంకా రాకముందే బిడ్డకు చెమటలు పట్టాయి. చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడా కొట్టుకుంటున్నదని చెప్పింది. కడుపులో మెలిపెట్టినట్టు ముడుచుకుపోయింది. కారు పక్కకు ఆపించి సీటు వెనక్కి వంచి పడుకోబెట్టాను. కొంగుతో విసిరాను. అల్లుడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు, మొహం పాలిపోయింది.

“దవాఖానకు పోదామా అత్తమ్మా?”

“నువ్వు విత్తనాలమ్మే మనిషివి. ఏ విత్తనానికి ఎన్ని నీళ్లు పెట్టాల్నో ఊరంతా తిరిగి చెప్తవ్. పెండ్లానికి ఏం తాపాల్నో తెల్వదా? కోసి కుట్టిన కడుపులకు బెల్లమయ్యే రసం పోస్తవా?”

“మంచిగుంటదనుకున్న.”

“నువ్వు అనుకోకు. అనుకునే పని నాకిడిచిపెట్టు.”

ఆ దడ కొంతసేపటికి తగ్గింది. కాని దానితో పాటు బిడ్డ ధైర్యం కూడా పోయింది. గద్వాల చేరాక పెరుగు కొని చెంచాతో పెట్టబోతే పెదవులు బిగించింది. డబ్బాలో పెసరపప్పు తెరిచి చూస్తే ఎండకు పులిసి వాసన వస్తోంది.

“నాకేం వద్దమ్మా. ఇంటికి పోయినంక తింట.”

“ఇంటికి పోయేసరికి పొద్దు మునుగుతది. పొద్దున్నుంచి ఒక్క గుడ్డే గదనే!”

“తింటే మళ్ల గట్లనే అయితది.”

అది వద్దన్నది పెరుగును కాదు, భయానికి తిండినే వద్దంటోంది. దవాఖానకు దారి అక్కడి నుంచే మొదలవుతుందని నాకు తెలుసు. మొదటిసారి కూడా ఇట్లాగే మొదలైంది.

మల్దకల్‌లో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే మేనమామ ఒళ్లో కత్తెర పడింది, గుండు అయింది. మేనకోడలు వచ్చి నా బిడ్డను పైనుంచి కిందికి చూసింది. పెళ్లైన నాటి నుంచి పత్తి బస్తాలా ఉందని దీన్ని ‘పత్తి బోరెం’ అని నవ్విన మనిషి అది. ఇప్పుడు దవడ మీద చేయి పెట్టుకుంది.

“అయ్యో వదినే, ఏంది గిట్ల పుల్లలెక్క అయినవ్? జాకెట్ల గాలాడుతుంది. మంచిగ తిను, మాకు నామోషీ!”

లావుంటే వాళ్లకు నవ్వులాట, సన్నబడితే వాళ్లకు నామోషీ. ఏ కొలతకు సరిపోతే వీళ్ల నోరు మూతపడుతుందో చెప్పమంటే చెప్పరు. గుడ్ల డబ్బా నా చేతిలో చూసి అది కళ్లు పెద్దవి చేసింది.

“తిమ్మప్ప కాడ గుడ్లా! కార్ల పెట్టు అత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత.”

కార్లోనే పెట్టాను. దేవుడితో నాకు తగువు లేదు. నేరుగా వంటలు చేస్తున్న చోటికి పోయాను. పెద్ద గంజులో పప్పు ఉడుకుతోంది. తాలింపు నూనె పడకముందే అడుగు నుంచి గట్టి పప్పు గిన్నెడు తీయించుకుని, ఇంకొంత పక్కన ఉంచమన్నాను. వంటాయన ఎందుకని అడిగాడు. తినడానికని చెప్పాను.

సత్రం అరుగు మీద చాపలు పరిచి బంతి వేశారు. మేనకోడలు గొప్ప కోసం నా బిడ్డను మొదటి బంతిలో, ముసలివాళ్ల మధ్య కూర్చోబెట్టింది. మర్యాద చేశాననుకుంది. ఆ ముసలివాళ్లంతా చేలో పని చేసి చేసి, ఎద్దులు ఆగినంతసేపట్లో అన్నం తినడం నేర్చినవాళ్లు. విస్తరిలో పడింది పడినట్టు మాయమవుతుంది. మా వైపు బంతిలో కూర్చుంటే అందరూ ఒక్కసారే లేవాలి. వరసలో పెద్ద ఎవరో వాళ్లు విస్తరి మడిచేదాకా ఎవరూ లేవరు, మడిచాక ఎవరూ కూర్చోరు. మిగతావాళ్లు లేచాక ఒక్కరే కూర్చుని తింటే తిండికి మొహం వాచినదంటారు. అంటే నా బిడ్డ గిన్నెడు పప్పును వాళ్లతో పాటు గబగబా మింగాలి, లేకపోతే వదిలేసి లేవాలి. మింగితే ఒక గండం, వదిలేస్తే ఇంకో గండం.

బిడ్డ ఆ లెక్క ముందే వేసుకుంది. గిన్నెను పక్కనే కూర్చున్న నా వైపు జరిపింది.

“నువ్వే తినమ్మా. నేను ఊకె కూసుంట.”

“తిను. నేను లెవ్వ.”

మొదట దానికి అర్థం కాలేదు. ఆ వరసలో అందరికన్నా పెద్దదాన్ని నేనే. నేను విస్తరి మడవాలి కదా, మడిస్తే కదా వాళ్లు లేచేది! చెంచా దాని చేతిలో పెట్టాను. చెంచా కొసకు అంటినంత పప్పు నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, కళ్లు మూసుకుని మింగింది. ఏమీ కాలేదు. మళ్లీ పెట్టుకుంది.

వడ్డించేవాడు బెల్లం పూర్ణం పెట్టిన భక్ష్యాలు తెచ్చాడు. వద్దంటున్నా దాని విస్తరిలో వేసి నెయ్యి వంచబోయాడు. చేయి అడ్డం పెట్టాను, వేడి నెయ్యి నా చేతి మీద పడింది. భక్ష్యం తీసి నా విస్తరిలో వేసుకున్నాను. పారేసేదేముంది, నాకు పళ్లున్నాయి.

కాసేపట్లో వరసంతా తినడం అయిపోయింది. చేతులు ఎండుతున్నాయి. నేను పెరుగన్నంలో నాలుగు మెతుకులు మిగుల్చుకుని వాటినే అటూ ఇటూ జరుపుతున్నాను. రెండో బంతి వాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. మేనకోడలు వంగి నా చెవిలో అంది.

“అత్తమ్మా, జర జల్ది. మా అత్తగారోళ్లు నిలబడ్డరు.”

“నిలబడనియ్యి. నాకు పండ్లు కదులుతున్నయి.”

“పోయిన వానకాలంల మక్క కంకి కొరుకుతుంటె చూసిన గద నేను!”

“అప్పటిసంది కదులుతున్నయి.”

పక్కనున్న ముసలామె పకపకా నవ్వింది. ఇంకొకామె మూలిగింది. “ఏందక్కా, మోకాళ్లు పట్టుకుంటున్నయి. పావురం గింజలేరినట్టు తింటున్నవ్.”

“పైసల్ పెట్టి కొన్న బియ్యం గాదా చెల్లె. ఒక్కొక్క మెతుకు తినాలె.”

నా బిడ్డ మొహం ఎర్రబడింది. “లేస్తనమ్మా, అందరు నన్నే చూస్తున్నరు.”

“చూడనియ్యి. చూసినోళ్లు నీ కడుపు నింపరు. మింగకు, నములు.”

ఎదురు వరసలో మగవాళ్లు. అల్లుడు తినడం ఎప్పుడో అయిపోయింది. మా వైపు చూశాడు, గిన్నెను చూశాడు, నా విస్తరిలో మెతుకులు చూశాడు. వడ్డించేవాణ్ణి పిలిచి, “ఇంకింత అన్నం ఎయ్యి, మజ్జిగ పొయ్యి,” అన్నాడు. ఆ రోజు మర్యాదంతా మేనమామదే, అతను మళ్లీ అన్నం కలుపుకుంటుంటే ఆ వరస కూడా కదల్లేక ఆగిపోయింది. పొద్దున్నుంచి అతను చేసిన తెలివైన పని అదొక్కటే. ముందే నిండిన కడుపులోకి ఆ అన్నం తోసుకోలేక మొహం చిట్లించాడు. ఆ మాత్రం పడాలి.

అడుగున మిగిలిన పప్పును బిడ్డ చెంచాతో గీకింది, తిన్నది. గిన్నె కింద పెట్టింది. చెమట లేదు, వణుకు లేదు. నేను మెతుకులు నోట్లో వేసుకుని విస్తరి మడిచాను. రెండు వరసలూ మూలుగుతూ, మోకాళ్లు పట్టుకుని లేచాయి.

“గింత గిన్నెకు గంతసేపా వదినే!” అంది మేనకోడలు. బిడ్డ అరుగు దిగి నీడకు పోయి కూర్చుంది. చాలాసేపయ్యాక నీళ్ల సీసా తెరిచి చుక్క చుక్కగా తాగింది. నేను పక్కన కూర్చుని దాని చేయి పట్టుకుని చూశాను. చల్లగా లేదు, మామూలుగా ఉంది.

సాయంత్రం బయల్దేరుతుంటే మేనకోడలు భక్ష్యాల మూట తెచ్చి కార్లో పెట్టింది. ఎంత చెప్పినా ఎక్కని మొండితనం దానిది. నా బిడ్డ ఆ మూటను పక్కకు జరిపి, కిటికీ దించి, తలకాయ బయట పెట్టింది.

“వదినే, భక్ష్యాలు అమ్మ తింటది. పప్పు మిగిలిందా? తాలింపు పడంది ఇంకో గిన్నెడు కట్టియ్యి. తొవ్వల ఆకలైతది నాకు.”

ఆపరేషన్ అయ్యాక ఆ నోటి నుంచి ‘ఆకలి’ అన్న మాట వినడం అదే మొదలు. మేనకోడలు విస్తుపోయి నా వైపు చూసింది.

“నన్నేం చూస్తవే? పోయి తే,” అన్నాను. “గట్టిగ తే. నీళ్లు కలిపి తెచ్చినవంటె మళ్ల పంపిస్త.”